గట్టు మీద కూర్చోను

సింధూరి నన్ను మొదటిసారి భయ్యా అని పిలిచింది మా ప్రేమకు రెండేళ్ళు నిండిన వారంలో. అదీ వాళ్ళమ్మ ముందు, వాళ్ళ నాన్న ముందు, ముందురోజే విజయనగరం నుంచి వచ్చిన వాళ్ళ పెద్దమ్మ ముందు.

"అమ్మా, ఈయన బాబు భయ్యా. ఈ రోజు మనల్ని ఊరంతా తిప్పేది ఈయనే."

సుమో స్టీరింగు పట్టుకుని నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? పేరు మాత్రం అబద్ధం చెప్పలేదు. నా పేరు పైడిబాబు. సుమో మా పిన్ని కొడుకుది. నా అసలు పని పడవ నడపడం. పోర్ట్‌బ్లెయిర్‌లో అబర్డీన్ జెట్టీ నుంచి ఎదురుగా ఉన్న రాస్ ఐలాండుకి టూరిస్టుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే పడవకి నేను సరంగుని. డాలీగంజ్‌లోని వాళ్ళింట్లో ఆ ఒక్క మాటా చెప్పకూడదు.

ఎందుకంటే సింధూరి వాళ్ళమ్మ శేషమ్మగారికి సముద్రమంటే పడదు. చుట్టూ సముద్రమే ఉన్న ఊళ్ళో ఉంటూ సముద్రం పడకపోవడం అంత తేలిక కాదు. బజారుకి బస్సులో వెళ్తే నీళ్ళు కనపడని వైపు సీటు చూసుకుంటారట. సునామీ వచ్చి నాలుగేళ్ళు కావస్తోంది. అప్పటినుంచి ఆవిడ పడవ ఎక్కింది లేదు, జెట్టీ మెట్టు దిగింది లేదు. కూతురి పెళ్ళి మాట ఎవరెత్తినా ఒకటే షరతు పెడతారు. నీళ్ళ మీద బతికేవాడికి మాత్రం ఇవ్వను. ఓడలో ఆఫీసరైనా సరే, ఇవ్వను.

"రోజంతా చూస్తే నువ్వు అమ్మకి నచ్చుతావు. నచ్చాక నేను మెల్లగా చెప్తాను," అంది సింధూరి ముందురోజు ఫోనులో.

"మెల్లగా ఏటీ లేదు. రేపు పొద్దుగూకేలోపు నేనే సెప్పెస్తాను."

"పాగల్ హో క్యా? అంతా పాడు చేస్తావు."

"రెండేళ్ళనించీ ఏటీ పాడు సెయ్యకుండా కూకున్నాం గదా. ఏటొరిగింది?"

 "ఇస్త్రీ చొక్కా వేసుకురా," అని పెట్టేసింది. అంటే ఒప్పుకున్నట్టే.

మా పరిచయం కూడా ఇలాగే మొదలైంది, గొడవతోనే. రెండేళ్ళ కిందట సింధూరి తన స్కూలు పిల్లల్ని రాస్‌కి తీసుకొచ్చింది. వాన మొదలైంది. ఇద్దరు పిల్లలు తుమ్ముతున్నారని, ముందుగా బయలుదేరుతున్న వేరే పడవలో వాళ్ళని పంపేస్తానంది. నేను కుదరదన్నాను. ఏ పడవ ఎంతమందిని తెచ్చిందో అంతమందినీ ఆ పడవే తిరిగి తీసుకెళ్ళాలి. ఒక్క తల తగ్గినా కదలకూడదు. అది జెట్టీ మీద అందరూ పాటించే పద్ధతి.

ఇద్దరం వానలో నిలబడి హిందీలో పోట్లాడుకున్నాం. ఆఖరికి ఆవిడ పక్కకి తిరిగి, నాకు అర్థం కాదన్న ధైర్యంతో, తెలుగులో "దున్నపోతు" అంది.

"దున్నపోతు తడిసినా పర్లేదు మేడం. మీరు పిల్లల్తో లోపలికి రండి," అన్నాను నేనూ తెలుగులోనే.

ఆ నిమిషంలో ఆవిడ మొహం ఎర్రబడిన తీరు ఇంకా నా కళ్ళముందే ఉంది. అప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయి నాతో ఇంకా చాలాసార్లు పోట్లాడాలని.

సరే, సుమో దగ్గరికొద్దాం.

ఈ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మెయిన్‌లాండ్ నుంచి చుట్టం దిగితే ముందు సెల్యులార్ జైలు చూపించాలి. ఆ తర్వాతే ఏదైనా. ప్రతి ఇంట్లోనూ జైలు చూసి చూసి మొహం మొత్తినవాళ్ళే ఉంటారు, అయినా చుట్టంతో పాటు మళ్ళీ వెళ్ళాల్సిందే. సింధూరి వాళ్ళ నాన్న సాంబశివరావు మాస్టారికి మాత్రం మొహం మొత్తలేదు. ఆయన చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. గేటు దాటగానే గొంతు సవరించుకున్నారు.

"వదినగారూ, ఇలా చూడండి. ఒకప్పుడు ఏడు రెక్కలుండేవి. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక గదిలో ఉన్న ఖైదీకి ఇంకో గదిలో ఉన్నవాడి మొహం కనపడకుండా కట్టారు."

"మొహాలు కనపడకపోతే పోనీ మరిదీ, గాలైనా ఆడేదా?" అంటూ గవరమ్మగారు ఒక ఖైదీ గదిలోకి దూరి అటూ ఇటూ అడుగులేసి చూశారు. గవరమ్మగారంటే సింధూరి పెద్దమ్మ. భర్త పోయాక తీర్థయాత్రలన్నీ ఒక్కరే చుట్టేసి, పుణ్యక్షేత్రాలు అయిపోయాయి కనక ఇక చెల్లెలి ఊరు చూద్దామని వచ్చారు. "మావాడు విశాఖపట్నంలో అద్దెకున్న గది ఇంతే ఉంటాది. దానికి నెలనెలా డబ్బులు కట్టి ఉంటన్నాడు."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శేషమ్మగారు నవ్వారు. అప్పటిదాకా ఆవిడ నవ్వు నేను చూడలేదు. సింధూరి నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసింది.

పైన వరండాలో సింధూరి నా పక్కకొచ్చింది.

"భయ్యా, ఒక ఫొటో తీస్తారా?"

"ఇంకోసారి భయ్యా అన్నావంటే ఈ జైల్లోనే ఉండిపోతాను."

"ఉండండి భయ్యా. గాలి కూడా బాగా వస్తోంది."

అందరినీ వరసగా నిలబెట్టి కెమెరా తీశాను. "తలకాయలన్నీ వచ్చాయా బాబూ?" అన్నారు గవరమ్మగారు. వచ్చాయమ్మగారూ అన్నాను. తర్వాత సింధూరి కెమెరా చూసుకుని గబుక్కున బ్యాగులో పడేసింది. అందులో వచ్చిన తలకాయ ఒక్కటే.

మధ్యాహ్నం అబర్డీన్ బజార్లో భోజనానికి కూర్చున్నాం. డ్రైవరు వేరే టేబులు దగ్గర తినాలేమోనని నేను అటు వెళ్తుంటే శేషమ్మగారే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు. నా ప్లేట్లో చేప ముల్లు ఒక్క లాగులో ఊడి రావడం గమనించారు.

"మీదే ఊరు బాబూ?"

"జంగ్లీఘాటండి. మా నాన్న దానయ్య. చేపల వేట. మాది శ్రీకాకుళం దగ్గర, తాతలప్పుడొచ్చేశాం."

"మరి నువ్వు వేటకి పోకుండా కారు తోలుకుంటున్నావు. మంచిపని చేశావు నాయనా. నీళ్ళ మీద బతుకు వద్దు."

నాకు పొలమారింది. సింధూరి మంచినీళ్ళ గ్లాసు నా వైపు తోస్తూ, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పి తీరతాను అన్నట్టు నేను నిలువుగా ఊపాను. గవరమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకో అప్పడం అడిగారు.

అబర్డీన్ జెట్టీకి చేరేసరికి మబ్బు కమ్ముకుంది. రాస్‌కి వెళ్ళే ఆఖరి పడవలు నిండుతున్నాయి. శేషమ్మగారు సుమో దిగి, నీళ్ళవైపు చూడకుండా నిలబడ్డారు.

"మీరెళ్ళి రండి. నేనిక్కడే ఉంటాను."

"ఇంత దూరం వచ్చి పడవెక్కకుండా పోతే మా వీధిలో ఏటని సెప్పుకోమంటావే శేషూ?" అన్నారు గవరమ్మగారు.

"నువ్వెక్కు అక్కా. వద్దన్నానా?"

మాస్టారు భార్య మొహం చూసి ఆగిపోయారు. "నేనూ ఉండిపోతాలే," అన్నారు.

"మీరు లేకపోతే దానికి అవన్నీ ఎవరు చెప్తారు? వెళ్ళండి."

సింధూరి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. రాస్ మీద కూలిపోయిన చర్చి వెనక ఒక దారి ఉంది. ఆ దారిలో గొడుగు కింద నడవాలని రెండు వారాలుగా ప్లాను వేసుకున్నాం. పడవ కూడా నాదే. సెలవు పెట్టానని ఈ రోజు నా స్నేహితుడు అప్పలకొండ నడుపుతున్నాడు.

"నేను అమ్మగారి దగ్గరుంటాను. మీరు వెళ్ళి రండి," అన్నాను.

సింధూరి పెదవి బిగించింది. పడవలో తడుస్తుందని హ్యాండ్‌బ్యాగు వాళ్ళమ్మ చేతికిచ్చి, నా పక్కనుంచి వెళ్తూ, "జాగ్రత్త భయ్యా," అంది. ఈసారి ఎగతాళిగా అనలేదు.

పడవ వెళ్ళిపోయింది. జెట్టీ పక్కన రేకుల షెడ్డు కింద బెంచీ ఉంది. శేషమ్మగారు సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. నేను రెండు టీలు, పకోడీల పొట్లం తెచ్చాను. వాన చినుకులు మొదలయ్యాయి. చెప్పదలుచుకున్నది చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది. 

"అమ్మగారూ, నేను డ్రైవర్ని కానండి."

ఆవిడ టీ ఊదుకున్నారు. "తెలుసు."

"ఎలాగండి?"

"డ్రైవరైతే మమ్మల్ని దింపేసి బండిలో పడుకుంటాడు. నువ్వు పొద్దుట్నించీ నా కూతురి గొడుగు మోస్తున్నావు." ఒక గుక్క తాగారు. "ఇంతకీ ఏం చేస్తావు?"

"సరంగునండి. ఇప్పుడు వాళ్ళు ఎక్కి వెళ్ళిన పడవ నేను నడిపేదే."

గ్లాసు బెంచీ మీద పెట్టేశారు. ఆగితే ఇక చెప్పలేనని నాకు తెలుసు. ఆగలేదు.

"సింధూరిని పెళ్ళి చేసుకుంటానండి. రెండేళ్ళయింది అనుకుని. మీరు ఒప్పుకుంటేనే చేసుకుంటాను. ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా వచ్చి అడుగుతాను. మిమ్మల్ని కాదని ఎక్కడికీ తీసుకెళ్ళిపోను."

ఆవిడ పకోడీల పొట్లం పక్కకి జరిపారు.

"పడవ మానేస్తావా?"

మానేస్తానండి అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది కూడా.

"మాననండి."

"నా కూతురి కోసం కూడా?"

"సింధూరి కోసం ఏదైనా సేస్తాను. కానీ పడవంటే నాకు పేణం అమ్మగారూ. దాన్ని మానేసి మీ ఇంటికొస్తే, లోపల్లోపల ఏడుస్తా ఉంటాను. అలాటోడు మీ అమ్మాయికెందుకండి?"

గాభరాలో నా భాష జంగ్లీఘాట్‌కి వెళ్ళిపోయింది. ఆవిడ పట్టించుకోలేదు. మా కులం మాట ఎత్తుతారనుకున్నాను. చదువు మాట ఎత్తుతారనుకున్నాను. రెండిటికీ జవాబులు తయారుగా పెట్టుకున్నాను. ఆవిడ అవేవీ అడగలేదు.

"మంచివాడివే," అన్నారు. "అయినా ఇవ్వను."

"ఎందుకో చెప్పండి. దిద్దుకోగలిగేదైతే దిద్దుకుంటాను."

"నీలో ఏం లేదు నాయనా, దిద్దుకోడానికి." చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నారు. "సునామీ వచ్చినప్పుడు ఆయన ఉద్యోగం కార్ నికోబార్ దీవిలో. నేనూ సింధూరీ ఇక్కడ. ఫోన్లు లేవు. ఎవర్నడిగినా తెలీదంటారు. అక్కణ్ణించి మనుషుల్ని ఓడల్లో తెస్తున్నారంటే హాడో జెట్టీకి పరిగెత్తాను. ఒక ఓడ వచ్చేది. దిగే ప్రతి మొహం చూసేదాన్ని. ఓడ ఖాళీ అయిపోయేది. 'కూర్చోండమ్మా, తర్వాత ఓడలో వస్తారు' అనేవాళ్ళు. కూర్చునేదాన్ని. మళ్ళీ ఓడ. మళ్ళీ కూర్చోండమ్మా."

వాన పెద్దదయింది. రేకుల మీద చప్పుడుకి ఆవిడ గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"వారం దాటాక ఎవరిదో చొక్కా వేసుకుని దిగారు. పిల్లల్ని వెంటేసుకుని అడవిలోకి పరిగెత్తారట, కొబ్బరినీళ్ళు తాగి బతికారట. ఆయన నవ్వుతూనే చెప్తారు అవన్నీ. ఆయన వచ్చేశారు. నాకు మాత్రం ఆ కూర్చోడం పోలేదు. మా ఆయన కూరలకెళ్ళి ఆలస్యమైనా నేను అక్కడే కూర్చుని ఉంటాను. నా కూతురు రోజూ సాయంత్రం నీ కోసం గట్టు మీద అలా కూర్చోడం నేను చూడలేను."

 నాకు తెలిసిన నిజం చెప్పాను.

"ఆ పొద్దున నేనూ మా నాన్నా వేటలో ఉన్నామండి. నీళ్ళు కొంచెం లేచి దిగాయి. అంతే. మాకేటీ తెలీలేదు. తిరిగొస్తే గట్టు లేదు. మా అమ్మ ఎవరిదో మేడ మీద ఉంది. మమ్మల్ని చూసి ఏడవలేదు, తిట్టింది. 'మీరు నీళ్ళలో హాయిగా ఉన్నారు, గట్టు మీదున్నోళ్ళమే సచ్చిపోయాం' అంది. ఇప్పటికీ తిడతాది."

"సరిగ్గా చెప్పింది," అన్నారు శేషమ్మగారు. పకోడీ ఒకటి తీసుకున్నారు. తినలేదు.

అంతలో పడవలు తిరిగి రావడం మొదలైంది. మా దీవుల్లో పొద్దు తొందరగా గూకుతుంది. నవంబరులో అయిదయ్యేసరికి దీపాలు పెట్టేస్తాం. ఒక పడవ వచ్చింది, జనం దిగారు. ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. అప్పలకొండ పడవ లేదు.

రాస్ మీద చీకటిపడ్డాక టూరిస్టుల్ని ఉండనివ్వరు. ఇంజను చెడిందా అనుకున్నాను. ఫోను తీసి సింధూరి నంబరు నొక్కాను. శేషమ్మగారి ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు మోగింది. ఇద్దరం బ్యాగు వంక చూశాం. అప్పలకొండ ఫోను అందుబాటులో లేదంటోంది.

శేషమ్మగారు లేచి నిలబడ్డారు. మెల్లగా వెనక్కి తిరిగారు. మధ్యాహ్నం నుంచి వీపు పెట్టిన సముద్రం వైపు తిరిగి, చూపు తిప్పుకోకుండా చూశారు. రాస్ అప్పటికే నల్లగా అయిపోతోంది.

"అందరూ వచ్చేశారా?"

"మనోళ్ళు తప్పండి. కంగారు పడకండి. ఎవరో ఒకరు తగ్గుంటారు. అందరూ ఎక్కేదాకా అప్పలకొండ కదలడు. నేను పోయి చూసొస్తాను, మీరిక్కడే కూర్చోండమ్మా."

ఆ మాట నా నోటినుంచి వచ్చాక గాని తెలియలేదు, ఏ మాటన్నానో.

ఆవిడ నా వైపు తిరిగారు. అంత కోపం నేను మా అమ్మ మొహంలో తప్ప ఎక్కడా చూడలేదు.

"కూర్చోను."

"అమ్మగారూ, వాన పడతంది. నా పడవ అక్కడుంది. ఇక్కడున్నది మా మావ యర్రయ్య డోంగీ. చిన్నది. తడిసిపోతారు, ఊగుతాది—"

"ఊగనీ. మొగుడు, కూతురు, అక్క, ముగ్గురూ అక్కడున్నారు. ఇంకోసారి గట్టు మీద కూర్చోను బాబూ. ఎక్కడుంది ఆ పడవ?"

మెట్లమీద నాచు ఉంది, జాగ్రత్త అని చెప్పేలోపు ఆవిడ చెప్పులు చేత పట్టుకుని దిగిపోతున్నారు. యర్రయ్య మావ చుట్ట నోట్లోనే ఉంచుకుని లేచాడు. "మావా, డోంగీ కావాలి" అన్నాను. ఆవిడ మొహం చూసి ఎందుకని కూడా అడగలేదు. తాడు విప్పేశాడు.

డోంగీ అంటే సన్నపాటి చేపల పడవ, వెనక ఇంజను. శేషమ్మగారు మధ్య చెక్క మీద కూర్చుని రెండు చేతులా అంచులు పట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడిపోయాయి. కళ్ళు మాత్రం మూయలేదు. గట్టు వదలగానే ఒక అల పక్కనుంచి తన్ని ఆవిడ ఒళ్ళో నీళ్ళు పోసింది. కిందా వాననీళ్ళు చేరుతున్నాయి.

"అమ్మగారూ, ఆ డబ్బా తీసుకుని నీళ్ళు తోడండి."

నిజానికి అంత అవసరం లేదు. చేతులకి పని ఉంటే భయం తగ్గుతుందని మా నాన్న చిన్నప్పుడు నా చేత ఇలాగే తోడించేవాడు. ఆవిడ డబ్బా అందుకున్నారు. ఇక చూడాలి. సముద్రం మీద నాలుగేళ్ళుగా ఉన్న కసంతా తీర్చుకుంటున్నట్టు తోడి తోడి పారబోశారు. సగం నీళ్ళు నా ఇస్త్రీ చొక్కా మీదే పడ్డాయి.

"ఎంత దూరం ఇంకా?"

"వచ్చేశాం. అదిగో మన పడవ. దీపం కనపడుతోందా?"

"కనపడుతోంది. నువ్వు మాట్లాడకు, నడుపు."

రాస్ జెట్టీ మీద గొడుగుల గుంపు ఉంది. పడవ నిండా టూరిస్టులు విసుక్కుంటున్నారు. అప్పలకొండ మాత్రం తాడు కట్టేసి కూర్చున్నాడు. సింధూరి మెట్ల చివర తడుస్తూ నిలబడి ఉంది. డోంగీలో నన్ను చూసి చెయ్యెత్తింది. తర్వాత నా ముందు డబ్బా పట్టుకుని కూర్చున్న మనిషిని చూసింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అమ్మా? నువ్వా?"

"నేను కాక ఎవరు? ఏమైంది? మీ నాన్నేరీ?"

"నాన్న ఇక్కడే ఉన్నారు. పెద్దమ్మే కనపడలేదు. నాన్న, నేను, అందరం వెతికాం. అయ్యో, నువ్వెలా వచ్చావమ్మా?" అంటూ మెట్టు మీద నుంచే వాళ్ళమ్మ మెడ కావిలించుకుంది. ఏడుస్తోందో వానో తెలియలేదు. మాస్టారు వెనకాల వచ్చి, భార్యని పడవలో చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. 

సరిగ్గా అప్పుడే పైన దారిలో గవరమ్మగారు కనపడ్డారు. నింపాదిగా నడిచి వస్తున్నారు. వెనక రెండు జింకలు, ఆవిడ చేతిలో ఖాళీ బిస్కట్ పొట్లం.

"ఏటే, అందరూ ఇలా నిలబడ్డారేటి?"

"ఎక్కడికి పోయావక్కా? చీకటి పడింది చూసుకోలేదా?" అన్నారు శేషమ్మగారు.

"చీకటేటే, మబ్బు పట్టింది. అయిదేగా అయింది? మా విజీనారంలో ఈ వేళప్పుడు ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంటాది. మబ్బు తేలాక దిగుదామని దీపస్తంభం వేపు అరుగు మీద కూకున్నాను. ఈ జింకలేమో వదలవు."

అంత ఆదుర్దాలోనూ పడవలో ఉన్న తెలుగువాళ్ళు నవ్వారు. దీవుల్లో పొద్దు మెయిన్‌లాండ్ కన్నా ముందే గూకుతుందని ఆవిడకి చెప్పాలన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు. మాకది అంత అలవాటు. మొత్తం చరిత్ర చెప్పిన మాస్టారు ఆ ఒక్కటీ మర్చిపోయారు.

అప్పలకొండ లెక్క సరిచూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. రండి వదినా, ఎక్కండి, పోదాం," అన్నాడు సింధూరితో.



"వదినేమిటి?" అన్నారు మాస్టారు. "ఎవరు వదిన?"

అప్పలకొండ నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. జవాబు చెప్పింది శేషమ్మగారు.

"మీ అమ్మాయే. ఇంటికెళ్ళాక చెప్తాను. ముందు మీరు, అక్కా ఆ పడవ ఎక్కండి. సింధూరీ, నువ్వు నాతో ఇందులో రా."

"నాకు మధ్యాహ్నమే తెలుసు," అన్నారు గవరమ్మగారు పడవెక్కుతూ. "అప్పడాల దగ్గరే తెలిసిపోయింది."

అప్పలకొండ తల గోక్కున్నాడు. "అన్నా, తెచ్చినోళ్ళలో ఒకరు తగ్గిపోతారు మరి."

"నేను చూసుకుంటాలే. వదిలెయ్."

సింధూరి డోంగీలోకి దిగుతూ నా చెవిలో అంది. "నా పిల్లలు తుమ్ముతుంటే మాత్రం వదల్లేదు."

"అప్పుడు నువ్వు నన్ను దున్నపోతన్నావు."

వాన సన్నబడింది. ముందు పెద్ద పడవ కదిలింది. నేను టార్చి పట్టుకుని డోంగీ ముందుకి వెళ్ళాను. సింధూరి, రోజూ వంటింట్లోకి వెళ్ళినంత మామూలుగా, వెనక్కి వెళ్ళి కూర్చుంది. తాడు ఒక్క గుంజు గుంజింది. ఇంజను అందుకుంది. హేండిలు పట్టుకుని డోంగీని అలకి ఎదురు తిప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ, మధ్యలో ఎవరు కూర్చున్నారో.

శేషమ్మగారు వెనక్కి తిరిగి కూతుర్ని చూశారు. హేండిలు మీది చేతిని చూశారు.

"నీకిది ఎప్పుడొచ్చింది?"

"ఆదివారాలు స్పెషల్ క్లాసులని చెప్పాను కదమ్మా."

"స్కూల్లో అనుకున్నాను."

 నేను టార్చి వెలుగు నీళ్ళమీద పెట్టి, అక్కడేదో చూడాల్సినది ఉన్నట్టు చూశాను. ఇంత కష్టపడి ఒడ్డుకి తెచ్చుకున్నది మళ్ళీ నీళ్ళపాలైందనే అనుకున్నాను. ఒక్క విషయం మాత్రం తేల్చుకున్నాను. కాదంటే రేపు మళ్ళీ వెళ్ళి అడుగుతాను. ఎల్లుండి కూడా వెళ్తాను.

సగం దూరం వచ్చాక శేషమ్మగారు అడిగారు.

"సింధూరీ, ఒకనాడు ఈ అబ్బాయి చెప్పిన వేళకి రాలేదనుకో. ఏం చేస్తావు?"

"వెళ్ళి తెచ్చుకుంటానమ్మా."

"వానొస్తుంటే?"

"వానలోనే వెళ్తాను. ఇప్పుడు నువ్వొచ్చావు కదా."

 తోడాల్సినన్ని నీళ్ళు లేకపోయినా ఆవిడ డబ్బాతో రెండుసార్లు తోడి పారబోశారు. మూడోసారి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"మాకెవరూ నేర్పలేదు," అన్నారు. "కూర్చోమనే చెప్పారు."

సింధూరి ఏడ్చేసింది.  

"బాబూ."

"అమ్మగారూ."

"ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ మా ఇంటికి తీసుకురా. సాయంత్రం రండి. పొద్దున నాకు కుదరదు."

"అలాగేనండి. పొద్దున ఏదైనా పనుందాండి? సాయం రావాలా?"

"రావాలి మరి. నువ్వు లేకపోతే నాకు ఇది తిప్పడం ఎవరు నేర్పుతారు?"

సింధూరికి ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఆ నవ్వులో హేండిలు పక్కకి పోయి, డోంగీ ఒక వైపుకి ఒరిగింది. నేను ఒక్క అంగలో వెనక్కి వెళ్ళి తన చేతి మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. డోంగీ నిలదొక్కుకుంది. నిలదొక్కుకున్నాక కూడా చెయ్యి తియ్యలేదు.

శేషమ్మగారు ముందుకి తిరిగి కూర్చున్నారు. ఎదురుగా గట్టు మీది దీపాలు దగ్గరపడుతున్నాయి. వెనక్కి చూడకుండానే అన్నారు.

"చెయ్యి తియ్యి అల్లుడూ. అది బాగానే నడుపుతోంది."

తీశాను.